పుల్లన్న సమ్మతి పత్రం

చౌడేశ్వరి ఎమ్మే చరిత్ర రెండో సంవత్సరంలో ఉండగా, తమ విశ్వవిద్యాలయంలో నైతికత లేదన్న సంగతి బయటపడింది. బయటపెట్టింది ఢిల్లీ నుంచి వచ్చిన తనిఖీ బృందం. వాళ్లు మూడు రోజులు అతిథి గృహంలో ఉండి, మూడు పొద్దులూ ఉగ్గాని బజ్జీ తిని, వెళ్తూ వెళ్తూ "పరిశోధనల్లో నైతికతను పర్యవేక్షించే యంత్రాంగం కనబడలేదు" అని ఒక్క వాక్యం రాసి, రెండు మార్కులు కోసి వెళ్లిపోయారు.

ఉపకులపతిగారు వారం తిరక్కుండా 'పరిశోధనా నైతికతా సంరక్షణ సంఘం' వేశారు. అధ్యక్షుడు ఆచార్య చంద్రమౌళి. ఆయన కోళ్ల జబ్బుల మీద ముప్ఫై ఏళ్లు పరిశోధన చేసిన మనిషి. ఇన్నేళ్లలో ఏ కోడీ ఆయన మీద ఫిర్యాదు చేయలేదు కాబట్టి, నైతికతకు అంతకంటే తగిన మనిషి దొరకలేదు. కార్యదర్శి సహాయ రిజిస్ట్రారు పద్మనాభం. ఏదో వైద్య కళాశాల నియమావళి తెప్పించి, అందులో 'రోగి' అని ఉన్నచోటల్లా 'పరిశోధితుడు' అని కొట్టించింది ఆయనే. నాలుగైదు చోట్ల మార్చడం మరిచిపోయారు. ఆ నియమావళి అన్ని శాఖలకూ వర్తిస్తుందని సర్క్యులర్ వచ్చింది. అన్ని శాఖలంటే చరిత్ర కూడా అని ఎవరూ ఆలోచించలేదు, పద్మనాభం తప్ప.

చౌడేశ్వరి తొగట నేతగాళ్ల ఇంటి పిల్ల. జిల్లా రికార్డు ఆఫీసులో సహాయకురాలి ఉద్యోగం ఇస్తామని అప్పటికే మాట ఇచ్చారు. షరతు ఒక్కటే, జూన్ ముప్ఫైలోగా సిద్ధాంత గ్రంథం సమర్పించినట్టు కాగితం చూపించాలి. ఆమె గైడు ఆచార్య ఖాజా హుస్సేన్ రిటైరయ్యేదీ అదే రోజు.

ఏ విషయం తీసుకోవాలని ఆమె నాలుగు నెలలు కొట్టుకులాడింది. చరిత్ర శాఖ బీరువాలో 'ఫలానా రాజుల కాలంలో నీటిపారుదల' అనే గ్రంథాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. రాజులు మారారు గానీ నీళ్లు మారలేదు. ముప్ఫై రెండోది రాయడం ఇష్టంలేక రికార్డు ఆఫీసులో దుమ్ము దులుపుతూ కూర్చుంటే ఒకరోజు ఒక అర్జీ దొరికింది. 1843 నాటిది. బూదిలికొండ నుంచి రాచపల్లె దారిలో టపా మోసే బంట్రోతు పుల్లన్న, వయసు ముప్ఫై, కలెక్టరు దొరవారికి రాయించుకున్నది. 'దారి పొడుగునా తుమ్మముళ్లు. దొరవారి ఉత్తరాలు క్షేమంగా పోవుచున్నవి. నా కాళ్లు పోవుటలేదు. ముల్లు తీసుకొనుటకు ఆగినచో ఆలస్యమని శిక్ష వేయుచున్నారు. కావున ఒక జత చెప్పులు దయచేయవలెను.'

అర్జీ వెనక పదకొండు కాగితాలు కుట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో అధికారి సంతకం. 'ఇది తోలు విషయము, టపా విషయము కాదు' అని ఒకరు, 'తోలు విషయమే గాని కాలు టపా శాఖది' అని ఇంకొకరు రాశారు. పన్నెండో కాగితం లేదు. చెప్పులు వచ్చాయో లేదో తెలియదు.

చౌడేశ్వరి ఆ రాత నకలు తీసుకుని ఖాజా హుస్సేన్ గారి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముప్ఫై ఐదేళ్లుగా ఈ శాఖలో రాజుల కిరీటాలు లెక్కపెట్టినాం తల్లీ. ఒక మనిషి కాళ్ల గురించి ఎవరూ అడగలే. ఇదే చెయ్."

ఏప్రిల్ మూడో తేదీన ఆమె దరఖాస్తు సంఘం ముందుకొచ్చింది. పద్మనాభం కాగితాలు అటూ ఇటూ తిరగేసి, గొంతు సవరించుకున్నాడు.

"సదరు పుల్లన్న అను మానవునిపై పరిశోధన చేయబోవుచున్నట్లు తెలియుచున్నది. ఆయన సమ్మతి పత్రం, అనగా ఫారం ఏడు-బి, జతపరచబడలేదు."

"ఆయన చనిపోయినారు సార్," అంది చౌడేశ్వరి.

"ఎప్పుడు?"

"తేదీ తెలీదు సార్. 1843లోనే ఆయనకు ముప్ఫై ఏళ్లు."

"అంటే చనిపోయి ఉంటారని మీ భావన. భావన ఆధారంగా ఫైలు కదలదు. మరణ ధ్రువపత్రం సమర్పించనంతవరకు, నిబంధన పద్నాలుగు ప్రకారం, సదరు వ్యక్తి జీవించి ఉన్నట్లే పరిగణింపబడును."

ఖాజా హుస్సేన్ గారు కుర్చీలో ముందుకు వంగారు. "రెండొందల ఏళ్లు ఎవరు బతుకుతారయ్యా?"

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. చంద్రమౌళి చాలాసేపు ఆలోచించాడు. "కోళ్లలో అసాధ్యం," అన్నాడు నిజాయితీగా. "మనుషుల సంగతి నా రంగం కాదు."

అలా చౌడేశ్వరి జనన మరణాల నమోదు కార్యాలయానికి వెళ్లింది. అక్కడి గుమాస్తా సరోజనమ్మ మంచి మనిషి. చనిపోయినవాళ్ల తరఫున వచ్చేవాళ్లను కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే వివరాలు అడిగేది.

"ఏమైతాడు పాపా నీకు?"

"ఏమీ కాడక్కా. పరిశోధన చేస్తాండా."

"అది లిస్టులో లేదు. 'ఇతరులు' అని పెడతా. ఆస్పత్రిలో పోయినాడా, ఇంట్లోనా?"

"దారిలో పోయి ఉండొచ్చు."

"దారిలో అయితే యాక్సిడెంటు. పోలీసు కాయితం కావల్ల."

"ఇంట్లోనే అక్కా, ఇంట్లోనే!"

సరోజనమ్మ ఊరి పేరు కొట్టింది, మనిషి పేరు కొట్టింది, తేదీ దగ్గర ఆగిపోయింది. కంప్యూటర్ మూడుసార్లు కుయ్ మంది. "పంతొమ్మిదొందల డెబ్బైకి ముందు పోయినోళ్లను ఇది ఒప్పుకోదు. పోనీలే, పోయిన మంగళవారం అని ఏస్తా. మంగళవారం మన ఊర్లో ఎవరూ పోలేదు, ఖాళీగా ఉండాది."

చౌడేశ్వరి వద్దనబోయింది. నెల రోజుల నుంచి తిరుగుతున్న కాళ్లు వద్దనలేదు. వయసు లెక్కవేసి రెండు వందల పదకొండు అని చెప్పింది. ఆ గడిలో రెండంకెలే పడతాయి. కంప్యూటర్ మొదటి రెండూ తీసుకుని మూడోదాన్ని మింగేసింది.

"అక్కా, ఇరవై ఒకటి అని పడింది."

"ఏం, చిన్న వయసులో పోయినోళ్లు లేరా?" అంటూ సరోజనమ్మ ముద్ర గుద్దేసింది.

మరుసటి సమావేశంలో పద్మనాభం ఆ పత్రాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. అతని ముఖం మెల్లగా గంభీరమైంది.

"మీరు దరఖాస్తు పెట్టింది ఏప్రిల్ మూడున. పుల్లన్న మరణించింది మే నెల ఏడున. అనగా మీరు ఈ గదిలో నిలబడి ఆయన చనిపోయాడని చెప్పిన నాటికి ఆయన జీవించి ఉన్నాడు."

"సార్, అది కంప్యూటర్..."

"అంతకంటే తీవ్రమైన అంశం. పరిశోధన ప్రారంభమయ్యాక పరిశోధితుడు మరణించాడు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో. నిబంధన ఇరవై రెండు, 'తీవ్ర దుష్పరిణామం'. ఇట్టి సందర్భంలో పరిశోధనను తక్షణం నిలిపివేసి, రోగి మరణానికి గల కారణాలపై విచారణ జరుపవలెను." 'రోగి' దగ్గర ఒక్క క్షణం ఆగాడు గానీ, రాసి ఉన్నది రాసి ఉన్నట్టే చదివాడు.

"ఆఖరి రోజుల్లో మేత సరిగా తీసుకున్నాడా?" అని చంద్రమౌళి జాలిగా అడిగాడు.

"ఆయనను మీరు ఏ రకమైన శ్రమకైనా గురిచేశారా?" పద్మనాభం కలం పట్టుకున్నాడు. "ఉదాహరణకు, పరుగు?"

"నేను పరుగెత్తించలేదు సార్! ఆయనే పరుగెత్తినాడు, దినానికి పన్నెండు మైళ్లు."

'దినమునకు పన్నెండు మైళ్ల పరుగు: అంగీకరించినది' అని పద్మనాభం రాసుకున్నాడు.

పొద్దున్నే పత్రికలో వచ్చింది: 'పరిశోధనకు యువకుడి బలి'. పది గంటలకల్లా పరిపాలనా భవనం ముందు రెండు షామియానాలు లేచాయి, రెండు విద్యార్థి సంఘాలవి. ఒకరు న్యాయవిచారణ కావాలంటే, రెండోవాళ్లు అంతకంటే పెద్ద న్యాయవిచారణ కావాలన్నారు. ఫ్లెక్సీ వేయడానికి పుల్లన్న ఫొటో లేకపోతే, దుకాణంవాడు తన దగ్గరున్న ఎవరిదో అంటించి ఇచ్చాడు. గళ్ల చొక్కా, నల్లకళ్లద్దాలు, చేతిలో సెల్‌ఫోను. కింద 'పుల్లన్నా, నీ ఆశయాలు కొనసాగిస్తాం' అని రాశారు.

చౌడేశ్వరి ఉండబట్టలేక ఒక షామియానా కిందికి వెళ్లి, నాయకుణ్ని పక్కకు పిలిచింది. "అన్నా, ఆయన 1843 నాటి మనిషి."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేసినంత ఆప్యాయంగా చూశాడు. "అన్యాయానికి కాలపరిమితి లేదు చెల్లీ."

మూడో రోజు ఉపకులపతిగారు దిగివచ్చారు. పుల్లన్న ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం, సగం రోజు సెలవు, ఆయన వారసుల్లో ఒకరికి కారుణ్య నియామకం కింద అటెండరు ఉద్యోగం ప్రకటించారు. షామియానాలు లేచిపోయాయి. వారసులు మొదలయ్యారు.

వారం రోజుల్లో ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. ఎవరు నిజమైన వారసులో తేల్చాలంటే పుల్లన్న పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. సంఘంలో అవి తెలిసినవాళ్లు లేరు. పద్మనాభం రెండు రోజులు నియమావళితో కుస్తీపట్టి, చివరికి ఉత్తర్వు వెలువరించాడు: 'మృతుని పూర్వాపరములు తెలిసిన ఏకైక వ్యక్తి నిందితురాలే అయినందున, ఆమెనే విచారణకు లేఖకురాలిగా నియమించడమైనది.' దాంతో పుల్లన్న మీద పరిశోధన చేయరాదన్న ఉత్తర్వు, పుల్లన్న గురించి సమస్తం విచారించి రాయాలన్న ఉత్తర్వు, రెండూ ఒకే కవరులో చౌడేశ్వరికి అందాయి.

ఖాజా హుస్సేన్ గారు రెంటినీ చదివి నవ్వాపుకోలేకపోయారు. "వాళ్లే రాయమంటాండారు గదా. రాయి తల్లీ. సర్కారీ కాగితమ్మీద రాయి."

విచారణ గదిలో ఒకడు పుల్లన్న మోపెడ్ మీద కూర్చున్న ఫొటో చూపించాడు. ఒకామె పుల్లన్న తనను పెళ్లి చేసుకుంటానన్నాడని ఏడ్చింది. ఇంకొకతను తన అన్న డెంగీతో పోయాడని, అన్న పేరు సుబ్బరాయుడే అయినా ఇంట్లో ముద్దుగా పుల్లన్న అనేవాళ్లమని ప్రమాణం చేశాడు. చౌడేశ్వరి అన్నీ రాసుకుంటూనే పోయింది. ముప్ఫై ఏడో మనిషి వెళ్లిపోయేసరికి మధ్యాహ్నం మూడైంది. చివరగా ఒక ముసలామె వచ్చింది. ముఖం చెమట కొంగుతో తుడుచుకుని, కుర్చీ చూపిస్తే వద్దని నేల మీద కూర్చుంది.

"పేరు చెప్పవ్వా."

"ఎడంచెప్పుల లక్కమ్మ."

చౌడేశ్వరి కలం ఆగిపోయింది. "ఏమి ఇంటిపేరు?"

"ఎడంచెప్పుల. మా ఊర్లో మమ్మల్ని ఎడంచెప్పులోళ్లు అంటారు పాపా. రేషన్ కార్డులో గూడా అట్లే ఉండాది, చూడు."

"ఆ పేరు ఎట్లొచ్చింది?"

లక్కమ్మ గదిలో ఉన్న ముగ్గురినీ ఒకసారి చూసింది. ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్నట్టు సర్దుకుని కూర్చుంది.

"మా జేజినాయనకు జేజినాయన ఉన్నాడే, ఆయప్ప టపా మోసేటోడంట. ముళ్లు గుచ్చుకుంటాండాయి, చెప్పులియ్యండని సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడంట. నాలుగేండ్లకు వచ్చినాయంట చెప్పులు. రెండూ ఎడంకాలివే."

చంద్రమౌళి అప్రయత్నంగా తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఆ పక్క రాచపల్లె నుంచి వచ్చే బంట్రోతుకు రెండూ కుడికాలివి పోయినాయంట. ఇద్దరూ దినామూ దారి నడిమధ్యలో కలిసి సంచులు మార్చుకుంటారు గదా, ఆ పొద్దు చెప్పులు గూడా చెరొకటి మార్చుకున్నారు. ఎవరో పోయి దొరకు చెప్పినారు. సర్కారు సామాను ఉత్తర్వు లేకుండా మార్చుకున్నారని ఇద్దరికీ శిక్ష. ఎవరివి వాళ్లకు మళ్లీ ఇప్పించినారు. ఇంక మా ఆయప్ప ఏం జేస్తాడు, ఆ రెండు ఎడం చెప్పులూ గుంజకు తగిలించి, నౌకరీ ఇడిసిపెట్టి, గొర్లు కాసుకున్నాడు. ఆ పొద్దు నుంచి మేము ఎడంచెప్పులోళ్లం."

పద్మనాభం తల పంకించాడు. "ఉత్తర్వు లేకుండా మార్చుకోవడం తప్పే," అన్నాడు.

చౌడేశ్వరికి ఆ మాట వినపడలేదు. పన్నెండో కాగితం తన ఎదురుగా నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

అయినా ఆమె చరిత్ర విద్యార్థిని. మరుసటి పొద్దున మొదటి బస్సుకే రాచపల్లె వెళ్లింది. దిగి, మొదట కనబడిన టీ బంకు దగ్గర అడిగింది. "ఇక్కడ కుడిచెప్పులోళ్లు అని ఎవరన్నా ఉన్నారా?"

బంకతను గ్లాసు కడుగుతూనే గడ్డంతో చూపించాడు. "ఆ నీలంరంగు తలుపు. ఏం, పెండ్లి సంబంధమా?"

ఆ నీలంరంగు తలుపు ముందు నిలబడి చౌడేశ్వరి పెద్దగా నవ్వింది, కాసేపు ఏడ్చింది కూడా. ఆ ఇంటివాళ్లు కంగారుపడి మజ్జిగ ఇచ్చారు. వాళ్ల ఇంట్లోనూ అదే కథ ఉంది, కాకపోతే దొర దగ్గర చాడీ చెప్పింది బూదిలికొండవాడని.

రాత్రింబవళ్లు అనకుండా రాసి, ఇరవై రోజుల్లో చౌడేశ్వరి రెండొందల పేజీల విచారణ నివేదిక పూర్తి చేసింది. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. పుల్లన్న మరణానికి విద్యార్థిని కారణం కాదని, లక్కమ్మే వారసురాలని తేల్చారు. 'వారసురాలు మృతుని కంటే యాభై సంవత్సరములు పెద్దది. దీనిని నిషేధించు నిబంధన కనబడలేదు' అని పద్మనాభం చివర ఒక వాక్యం చేర్చాడు.

లక్కమ్మకు డెబ్బై ఒకటి. ఉద్యోగ విరమణ వయసు అరవై రెండు. ఇచ్చిన మాట తప్పకూడదు, నిబంధనా తప్పకూడదు. అందుకని ఆమెను జూన్ ముప్ఫై పూర్వాహ్నం అటెండరుగా నియమిస్తూ, అదే రోజు అపరాహ్నం పదవీ విరమణ చేయిస్తూ ఉత్తర్వులిచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి చౌడేశ్వరి తన గ్రంథం పట్టుకుని సంఘం గదిలో నిలబడింది. నివేదికకు ముందుమాట, అధ్యాయాలు చేర్చి అట్ట వేయించింది. ఇక కావలసింది ఫారం ఏడు-బి మీద వారసురాలి వేలిముద్ర. అది పడితే అయిదు గంటల్లోపు సమర్పించవచ్చు. లక్కమ్మ కొత్త ఖాకీ చీరలో కూర్చుని ఉంది.

పద్మనాభం ఫారం చదివి వినిపించాడు. "...మరియు పరిశోధితుని గోప్యతను కాపాడు నిమిత్తం, గ్రంథంలో ఆయన పేరుకు బదులు 'ప' అను అక్షరం మాత్రమే వాడవలెను."

"అంటే?" అంది లక్కమ్మ.

"పుల్లన్న అని ఉండదవ్వా," చౌడేశ్వరి విడమరిచి చెప్పింది. "పేరు తీసేయమంటున్నారు."

లక్కమ్మ సిరా డబ్బీ మీద పెట్టబోయిన బొటనవేలు వెనక్కు తీసుకుంది. "పేరు ల్యాకపోతే ఏలిముద్ర లేదు."

"అమ్మా, మీరు ప్రస్తుతం విశ్వవిద్యాలయ ఉద్యోగి. ఉన్నతాధికారి ఆదేశాన్ని..."

"అయితే తీసెయ్యి ఉద్యోగంలోంచి. ఎట్లా సాయంత్రానికి పోతాండా గదా."

గోడ గడియారం మూడున్నర దాటింది. నిబంధన మార్చాలంటే సంఘం కూర్చోవాలి, సంఘం కూర్చోవాలంటే ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి అని పద్మనాభం వివరిస్తున్నాడు. ఖాజా హుస్సేన్ గారు మెడలో వేసిన పూలదండతోనే చరిత్ర శాఖ సన్మాన సభ నుంచి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడ్డారు. చౌడేశ్వరి గ్రంథాన్ని గుండెకు హత్తుకుని నేల చూస్తోంది.

చంద్రమౌళి నివేదిక పూర్తిగా చదివాడు. చెప్పుల భాగం ఇంటి దగ్గర భార్యకు కూడా చదివి వినిపించాడు. ఇప్పుడు మెల్లగా ఫారం తన వైపు లాక్కున్నాడు.

"పద్మనాభం గారూ, మా కోళ్ల ఫారంలో ప్రతి కోడికీ కాలికి రింగు వేస్తాం. దానిమీద నంబరు ఉంటుంది. ఆ కోడి చచ్చిపోయినా మేం రింగు విప్పం. విప్పితే అది ఏ కోడో ఎవరికీ తెలియదు. పరిశోధన మొత్తం బూడిదపాలవుతుంది." కలం తీసి, ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసి, సంతకం పెట్టాడు. "ఇది నా రంగం."

లక్కమ్మ వేలిముద్ర పడింది. నాలుగూ యాభైకి చౌడేశ్వరి గ్రంథం సమర్పించి, ముద్ర వేసిన రసీదు చేతికి తీసుకుంది.

సాయంత్రం విశ్వవిద్యాలయం పెట్టిన పదవీ విరమణ సభలో ఖాజా హుస్సేన్ గారి పక్కన లక్కమ్మకు కూడా శాలువా కప్పారు. విశ్వవిద్యాలయంతో ఆమెకున్న అనుబంధం ఎనలేనిదని ఉపకులపతిగారు కాగితం చూసి చదివారు. తన అనుభవాలు చెప్పమంటే ఆమె మైకును అనుమానంగా చూసింది.

"పొద్దున వచ్చినా. టీ ఇచ్చినారు. అందరూ మంచోళ్లే, కాకపోతే పని తెలీదు."

చప్పట్లు చాలాసేపు మోగాయి.

చౌడేశ్వరి ఆమెను బస్సెక్కించడానికి స్టాండు దాకా వెళ్లింది. బెంచీ మీద కూర్చున్నాక లక్కమ్మ గ్రంథం రెండో ప్రతి అడిగి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, అట్ట తడిమింది.

"మా ఆయప్ప పేరు యాడుందో చూపీ పాపా."

చౌడేశ్వరి ఆమె చూపుడువేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టింది. "ఇదో, పు. ఇది ల్ల. ఇది న్న."

లక్కమ్మ వంగి, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది.

"మూడే అచ్చరాలా? ఇంతమంది ఇన్ని దినాలు కొట్లాడింది ఈ మూడిటి కోసమేనా?"

"అవునవ్వా."

"అట్లయితే ఇంకొంచెం లావుగా రాసి ఉండాల్సింది," అంది లక్కమ్మ.